గాలి గీసిన గీత

పొద్దున పడవల పోటీ మ్యాపు మారగానే ఆర్మెల్ కేఫ్‌లో ఒకటే గోల. గోడ మీది పెద్ద తెరలో ఎనోరా కెర్వెల్లా పేరున్న ఎర్ర చుక్క మూడో స్థానానికి ఎగబాకింది. చేపల వేలం ముగించుకుని వచ్చినవాళ్లు బల్లల మీద దబదబా గుద్దారు. ఎవడో ఆనందం పట్టలేక ఈల కూడా వేశాడు. మూలన కూర్చున్న ముసలి ఫాంష్ అంత దూరం నుంచే టోపీ తీసి వాడి మీదికి విసిరాడు.

"ఈల వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? గాలిని రమ్మని పిలుస్తున్నావా? పిల్లలు నడిసముద్రంలో ఉన్నార్రా!"

"తప్పయిపోయింది తాతా. నోరు జారింది."

"జారే నోరైతే కుట్టించుకో."

అందరూ నవ్వారు. స్వాజిక్ నవ్వలేదు. ఎనోరా ఆమెకు ఒక్కగానొక్క కూతురు. దువార్నెనె రేవులో సగం మందికి చిన్నప్పుడు తెరచాప ఎత్తడం, దించడం నేర్పింది స్వాజిక్. ఇప్పుడు ఆ సగం మందీ వరసగా వచ్చి "టీచరుగారూ, మీ అమ్మాయి అదరగొట్టేస్తోంది" అంటూ చేతులు ఊపేస్తున్నారు. ఆమె "ఆఁ, ఆఁ" అంటూనే తెర వంక చూస్తోంది. కాఫీ కప్పులోనే చల్లారిపోయింది. ఆ తెరలో ఏదో ఆమెకు నచ్చడం లేదు, ఏమిటో ఆమెకే ఇంకా సరిగ్గా తెలియదు.

ఈ పోటీ సంగతే అంత. మూడు మంచాలు వరసగా వేస్తే సరిపోయేంత పడవ, అందులో ఒక్క మనిషి, ఎదురుగా అట్లాంటిక్, మధ్యలో ఒక్క దీవి దగ్గర మజిలీ. ఫోన్ పట్టుకెళ్లకూడదు. కంప్యూటర్ ఉండకూడదు. రోజుకోసారి రేడియోలో వాతావరణం చదువుతారు, అది చెవిన వేసుకోవచ్చు గానీ తిరిగి ఒడ్డుతో మాట్లాడటానికి వీల్లేదు. ఒడ్డున ఉన్నవాళ్లకు మిగిలేదల్లా పడవ వెనక కమ్మీకి బిగించిన అరచేతంత పెట్టె. పడవ ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో అది చెబుతుంది. లోపలి మనిషి తిన్నాడో లేదో, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో దానికి పట్టదు. ఇలాంటి పోటీ కనిపెట్టిన మహానుభావుడు తన కన్నబిడ్డను ఒక్కసారైనా పంపి ఒడ్డున కూర్చున్నాడో లేదో ఎవరైనా అడిగితే బాగుండు.

"ఏమే, ఆ కాఫీ తాగుతావా, దాంట్లో చేపలు పెంచుతావా?" కౌంటరు వెనక నుంచి ఆర్మెల్ అరిచింది.

కేఫ్ ఆమెదే, గొంతూ ఆమెదే. స్వాజిక్‌తో కలిసి బడికెళ్లింది, కలిసి ఎగ్గొట్టింది. ఇద్దరూ ఒకే ఏడాది తల్లులయ్యారు. ఆర్మెల్ కొడుకు గుల్వెన్, స్వాజిక్ కూతురు ఎనోరా ఒకే షెడ్డులో, ఒకే దీపం కింద, ఒకరి పడవకు ఒకరు రంగులు వేసుకుంటూ ఈ పోటీకి తయారయ్యారు. ఇద్దరి చుక్కలూ ఇప్పుడు ఒకే తెర మీద ఉన్నాయి, కాకపోతే ఎర్రది ముందు పరిగెడుతోంది, గుల్వెన్ పేరున్న పసుపు చుక్క అందరికంటే వెనక, నత్తనడకన ఉంది.

ఆర్మెల్ దాని వంక చూడటం లేదు. చూడటం లేదని అందరికీ తెలిసేలా చూడటం లేదు.

"ఈవేళ వంటేంటి ఆర్మెల్?" అన్నాడు ఫాంష్.

"బంగాళాదుంపలు, సార్డీన్ చేపలు."

"నవంబరొచ్చేసింది. ఆ గెంతే పొడుగు చెవులదాని కూర లేదా?"

"దాని మాటెత్తావంటే గరిటె కాల్చి వాత పెడతా. పిల్లలు అవతలి ఒడ్డు చేరేదాకా ఆ జంతువు నా వంటింట్లోకి రాదు. పడవల మీద పిల్లలున్న ఇంట్లో దాని పేరు కూడా తియ్యరని తెలిసీ అడుగుతావేంటయ్యా, ముసలాడివయ్యావు!"

జనం పల్చబడ్డాక ఆర్మెల్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి స్వాజిక్ పక్కన కూర్చుంది. ఇప్పుడు గొంతు తగ్గింది.

"మా వాడేంటే, అలా అయిపోయాడు? నిజం చెప్పు. నీకు ఆ గీతలు అర్థమవుతాయి, నాకు అవి కోడి కాళ్ల గుర్తుల్లా ఉంటాయి."

స్వాజిక్ పసుపు చుక్క వెనకున్న గీతను పెద్దది చేసి చూపించింది. "ఇక్కడ ఆగాడు చూడు. ఏదో విరిగి ఉంటుంది. ఇదిగో, మళ్లీ బయల్దేరాడు, మళ్లీ ఆగాడు. ఇక్కడ తెరచాప పక్క మార్చి చూశాడు, కుదరలేదు, వెనక్కొచ్చాడు. మరమ్మతు చేసుకుంటున్నాడే. ఇదంతా మనిషి చెయ్యి. ఇంత కంగాళీగా మనిషి తప్ప ఇంకెవరూ నడపలేరు."

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు. బతికున్నాడు, తిట్టుకుంటూ పని చేసుకుంటున్నాడు."

ఆర్మెల్ ఊపిరి పీల్చుకుంది. "వాడు తిడితే వినాలే, వాళ్ల నాన్న నయం," అని నవ్వి, కళ్లు తుడుచుకుని లేచి వెళ్లింది. స్వాజిక్ మాత్రం కదల్లేదు. తన నోటి నుంచి వచ్చిన మాటే తన గుండెల్లో గుచ్చుకుంది. మనిషి చెయ్యి. ఆమె చూపు ఎర్ర చుక్క వెనకున్న గీత మీదికి పోయింది. అది నున్నగా ఉంది. ఎక్కడా తొట్రుపాటు లేదు, ఎక్కడా మలుపు లేదు, మెల్లగా వంగుతూ పోతోంది.

ఇంటికి వెళ్లే దారిలో రేవు గోడ ఉంది. సముద్రం నుంచి తిరిగిరానివాళ్ల పేర్లు చెక్కిన గోడ. పెద్దల పండగ మొన్ననే అయింది కాబట్టి దాని కింద చామంతి కుండీలు బారులు తీరి ఉన్నాయి. స్వాజిక్ రోజూ ఆ గోడ పక్కనే నడుస్తుంది, ఎప్పుడూ తల తిప్పి చూడదు. ఆ వేళ కూడా చూడలేదు. అయితే పరుగులాంటి నడక నడిచింది.

ఇంట్లో బల్ల ముందు కూర్చుని గడిచిన రోజుల గాలి దిశలు చూపే పటాలన్నీ తెరిచింది. ఒంటరిగా పోయేవాళ్లు తిండి తినాలన్నా, కునుకు తీయాలన్నా చుక్కానిని యంత్రానికి అప్పజెబుతారు. దిక్కు పట్టుకుని పొమ్మంటే ఆ దిక్కునే పోతుంది. గాలిని పట్టుకుని పొమ్మంటే గాలి ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. నిన్న మధ్యాహ్నం గాలి తూర్పుకు తిరిగింది. అప్పుడు పడవలన్నీ తెరచాపలు పక్క మార్చి ఉత్తరానికి మళ్లాయి. మళ్లాలి, బడిపిల్లవాడైనా మళ్లుతాడు. ఎర్ర చుక్క ఒక్కటే మళ్లలేదు. గాలి ఎంత తిరిగితే అంతే తిరిగి, దక్షిణంగా జారుకుంటూ పోయింది. అదృష్టమో దురదృష్టమో, దక్షిణాన గాలి జోరుగా ఉంది. అందుకే ముందుకొచ్చింది. కేఫ్‌లో జనం "అబ్బ, ఎంత తెగువ!" అని మురిసిపోతున్నది ఆ జారుడుకే.

గాలి దిశల పటం మీద ఆ గీతను పెట్టి చూసింది. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా అతుక్కున్నాయి. ఆ గీత గీసింది ఎనోరా కాదు, గాలి.

పడవలో నిద్రపోతోందేమో అనుకుంది. ఎంతసేపు నిద్రపోతుంది? జ్వరమేమో. తల పగిలి పడి ఉందేమో. ఆ తర్వాతి ఆలోచన మనసులోకి రాకుండా లేచి నిలబడింది, కిటికీ తెరిచింది, మూసింది. వచ్చేదెలాగూ వచ్చింది. తెల్లారగట్ల డెక్కు మీదికి వచ్చిన పిల్ల, నడుముకు తాడు కట్టుకోవడం ఒక్క క్షణం మరిచిన పిల్ల, ఒక్క అల. పడవ ఆగదు. యంత్రానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది ఆగదు, బుద్ధిగా, చక్కగా, మనిషిని వెనక వదిలేసి పోతూనే ఉంటుంది.

పోటీ ఆఫీసుకు ఫోన్ చేసింది. డైరెక్టరు మొర్వాన్ ఎత్తాడు. మంచివాడే, నిద్రలేని గొంతు.

"నేనూ పొద్దున్నుంచీ ఆ గీతే చూస్తున్నాను మేడమ్. నాకూ నచ్చలేదు. కానీ ప్రమాదం మీట నొక్కలేదు కదా అమ్మాయి."

"నొక్కడానికి పడవలో ఉండాలి కదండీ."

"సముద్రంలో ఆ వైపున నాకున్నది ఒకే ఒక్క కాపలా పడవ. గుల్వెన్ నడక చూసి, అతని వైపు బయల్దేరదీశాను. రేపు మధ్యాహ్నానికి చేరుతుంది. వెనక్కి తిప్పమంటే తిప్పుతాను. కానీ గెలుస్తున్న పడవ దగ్గరికి పంపి, అవస్థ పడుతున్నవాణ్ణి వదిలేస్తే, రేపు వాడికేమైనా అయితే నేనేం చెప్పాలి? మీ అమ్మాయి చెయ్యి నాకంటే మీకు బాగా తెలుసు. ఇది ఆమె చెయ్యి కాదని గట్టిగా చెప్పగలరా?"

చెప్పగలదు. చెప్పబోయింది కూడా. అంతలో పొద్దున తువ్వాలుతో కళ్లు తుడుచుకున్న ఆర్మెల్ గుర్తొచ్చింది. కొడుకు దగ్గరికి పోతున్న పడవను ఆమెకు తెలియకుండా లాక్కోవడమెలా?

"కాసేపాగి చేస్తాను," అంది స్వాజిక్.

ఆర్మెల్ వంటింట్లో చేపలు బాగుచేస్తోంది. స్వాజిక్ చెప్పినదంతా వింది. వింటున్నంతసేపూ కత్తి ఆగలేదు. చివర్లో ఆగింది.

"అంటే, మా వాడి దగ్గరికెళ్లే పడవని నీ కూతురి దగ్గరికి తిప్పమంటున్నావు."

"ఆర్మెల్, ఆ పడవలో మనిషి లేదే. ఉంటే అలా పోదు."

"మూడో స్థానంలో ఉందే నీ కూతురు! మూడు! మా వాడు ఆఖర్లో దేకుతున్నాడు. ఎవరికి సాయం కావాలో ఈ చచ్చిన చేపకి కూడా తెలుస్తోంది. నీకు తెలియట్లేదా?"

"మీ వాడు మరమ్మతు చేసుకుంటున్నాడు. నీకు పొద్దున్నే చూపించానుగా..."

"చూపించావు. నన్ను ఊరడించడానికి చూపించావేమో! ఇప్పుడు పడవ కావాల్సొచ్చేసరికి వాడు బాగానే ఉన్నాడు, పక్కన పెట్టెయ్యొచ్చు, అంతేగా? నీకు చిన్నప్పట్నుంచీ ఇదే రోగం స్వాజిక్. ఎండ కాస్తుంటే వాన వస్తుందని ఏడుస్తావు. పిల్ల గెలుస్తుంటే చచ్చిపోయిందని ఏడుస్తావు. నీ నోటికి తాళం వెయ్య! రేపు ఆ పిల్ల పక్కకి కాపలా పడవొచ్చి 'మీ అమ్మ నువ్వు పోయావంటోంది' అంటే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"మొహం పోతే పోనీవే. పిల్ల..."

"నాకూ పిల్లాడున్నాడే!" అరిచి, కత్తి తొట్టిలో పడేసింది ఆర్మెల్. చేపల పొలుసు అంటిన చేతులతోనే మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఒక్క రాత్రే. రేపు మధ్యాహ్నానికి వాడి దగ్గరికి చేరుతుంది. వాణ్ణి ఒక్కసారి చూసి రానీ. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకో. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆర్మెల్ ఎవరి కాళ్లూ పట్టుకునే మనిషి కాదు. భర్త పోయిన రోజున కూడా కేఫ్ తెరిచింది. స్వాజిక్ గట్టిగా నిలబడలేకపోయింది. తనకే అనుమానం పుట్టింది. నిజంగానే తను కీడే శంకించే మనిషేమో. నిజంగానే పిల్ల తెగించి దక్షిణానికి పోయిందేమో, ఒడ్డున కూర్చుని తనకే పిచ్చెక్కుతోందేమో. భయపడుతున్న మనిషికి ఇంకొకరు 'నీ భయం ఉత్తిదే' అంటే నమ్మాలనిపిస్తుంది, ప్రాణం మీదికొచ్చినా నమ్మాలనే అనిపిస్తుంది.

"సరే. రేపు పొద్దున మ్యాపు చూసి మాట్లాడదాం," అంది.

ఆ రాత్రి ఆమె గడిపిన తీరు పగవాళ్లకు కూడా వద్దు.

పొద్దున కేఫ్ కిక్కిరిసిపోయింది. ఎర్ర చుక్క మొదటి స్థానానికి వచ్చిందని ఊరంతా పాకింది. మీసాలు రాని కుర్రాళ్ల దగ్గర్నుంచి కళ్లు కనిపించని ముసలమ్మల దాకా వచ్చారు. ఎవరో వెన్న కేకు తెచ్చారు, ఇంకెవరో యాపిల్ సారా, సైడర్ సీసాలు తెచ్చారు. స్వాజిక్ గుమ్మంలో అడుగుపెట్టగానే "టీచరమ్మా!" అంటూ కేక లేచింది. ఆమె ఎవరినీ పలకరించకుండా నేరుగా తెర దగ్గరికి పోయింది.

రాత్రి ఆ దారిలో ఈదురుగాలితో నల్లమబ్బుల బారు ఒకటి దాటింది. దాని కిందికి వచ్చిన పడవలన్నీ తెరచాప తగ్గించి, కాళ్లు ఈడ్చుకుంటూ నెమ్మదించాయి. ఎర్ర చుక్క పూర్తి తెరచాపతో, ఏమీ పట్టనట్టు దాని మధ్యలోంచి దూసుకుపోయింది. బతికున్న మనిషి ఎవరూ ఆ పని చెయ్యరు. ఎంత పొగరున్నవాడైనా, ఎంత గెలవాలనుకున్నవాడైనా చెయ్యరు.

"చూశారా ధైర్యం!" వెనక నుంచి ఎవరో అన్నారు. "అందరూ తోక ముడిస్తే, మన పిల్ల..."

"నోరు ముయ్యండి!"

స్వాజిక్ అలా అరవడం ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. చిన్నపిల్లలు పడవ తిరగబడి నీళ్లలో పడినప్పుడు కూడా నెమ్మదిగానే మాట్లాడిన టీచరు ఆమె. సైడర్ పోస్తున్నవాడి చెయ్యి గాల్లోనే ఆగింది.

"దేనికి చప్పట్లు కొడుతున్నారు? ఎవరికి కొడుతున్నారు? ఆ పడవలో ఎవరూ లేరు. అర్థమవుతోందా? అందులో ఎవరూ లేరు! ఖాళీ పడవ గెలుస్తోంది!"

అందరి ముందే ఫోన్ తీసింది. ఒకసారి తప్పు నొక్కింది, మళ్లీ నొక్కింది. "మొర్వాన్‌గారూ, ఇది మా అమ్మాయి చెయ్యి కాదు. గట్టిగా చెబుతున్నాను. తిప్పండి." అటువైపు మాట విని, తలూపి, ఫోన్ పెట్టేసింది. ఇంకెవరి వంకా చూడకుండా ఆర్మెల్ వంక చూసింది.

ఆర్మెల్ కాఫీ కూజా కింద పెట్టింది. వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఒక్కొక్కరే టోపీలు తీసుకుని, కేకు ముట్టకుండా బయటికి నడిచారు. ఫాంష్ ఒక్కడే మిగిలాడు, పోవడానికి అతనికి వేరే చోటు లేదు.

మధ్యాహ్నం దాటాక వంటింటి తలుపు తెరుచుకుంది. ఆర్మెల్ ఒక గిన్నెలో చేపల పులుసు తెచ్చి స్వాజిక్ ముందు పెట్టి, చెంచా చేతికిచ్చింది. వీధి తలుపుకు గడియ వేసింది. వచ్చి పక్కన కూర్చుంది.

"తిను."

"నీకు కోపం పోయిందా?"

"పోలేదు. పోదు కూడా. మా వాడికేమైనా అయితే నీ మొహం చూడను. తిను ముందు."

రెండు చెంచాలు తింది స్వాజిక్. మూడోది గిన్నెలోనే వదిలేసింది. ఆర్మెల్ గిన్నె పక్కకు జరిపి ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆ చేతులు మోటువి, వేడివి, ఉల్లిపాయల వాసన వేస్తున్నాయి. "ఏం కాదే," అంది. "మొండిది నీ కూతురు. సముద్రం దాన్ని మింగితే దానికే అరగదు." స్వాజిక్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫాంష్ మూలన టోపీని ఒళ్లో పెట్టుకుని పెదాలు కదుపుతున్నాడు, దేవుణ్ణి ప్రార్థిస్తున్నాడో తిడుతున్నాడో తెలియలేదు. తెర మీద చుక్కలు కదలడానికి యుగాలు పట్టింది. కాపలా పడవ గుర్తు ఎర్ర చుక్కకు అడ్డంగా పోతూ, దగ్గరవుతూ, చివరికి రెండూ ఒకటయ్యాయి.

ఫోన్ మోగింది. ఆర్మెల్ వింటుండగా వినే ధైర్యం లేక స్వాజిక్ దాన్ని పట్టుకుని వంటింట్లోకి పోయింది. తలుపు వెనక గోడకు ఆనుకుంది.

"మేడమ్, కూర్చున్నారా?" మొర్వాన్ గొంతు.

"చెప్పండి."

"పడవని అందుకున్నాం. మనవాళ్లు ఎక్కారు. లోపల ఎవరూ లేరు."

ఏదో చప్పుడు వినిపించింది, అది తన గొంతులోంచే వస్తోందని కాసేపటికి తెలిసింది. మొర్వాన్ "మేడమ్, వినండి, మేడమ్, ముందు వినండి" అంటూనే ఉన్నాడు.

"ఇది మీ అమ్మాయి పడవ కాదు. మీ అమ్మాయిది ఎర్రది. ఇది పసుపుది. తెరచాప మీద కేఫ్ పేరుంది. కమ్మీకున్న పెట్టె మాత్రం మీ అమ్మాయి పేరు మీదది. మధ్యలో దీవి దగ్గర ఆగినప్పుడు చార్జింగుకని పెట్టెలన్నీ తీసుకున్నాం. తిరిగిచ్చినప్పుడు పిల్లలిద్దరూ ఒకరిది ఒకరు బిగించుకున్నట్టున్నారు. మా మనిషి సరిచూడాల్సింది, చూడలేదు. తప్పు మాదే. ఇన్నాళ్లూ మనం ఇద్దర్నీ తారుమారుగా చూస్తున్నాం."

స్వాజిక్‌కు ముందు ఒక్క ముక్కే అర్థమైంది. మీ అమ్మాయి పడవ కాదు. ఆ ముక్క ఒంట్లోకి వేడి నీళ్లలా దిగింది. వెనకబడి, ఆగి, మళ్లీ బయల్దేరి, కంగాళీగా తిరుగుతున్న చుక్క ఎనోరా. బతికుంది, ఏదో విరిగింది, తిట్టుకుంటూ బాగుచేసుకుంటోంది. పోయిన ప్రాణం లేచొచ్చింది. చేత్తో నోరు మూసుకుని నవ్వింది, దేవుడా అంది, ఇంకా ఏమేమో అంది. సిగ్గుపడే తీరిక కూడా దొరకలేదు. అప్పుడు చూపు తొట్టి పక్కనున్న ఆర్మెల్ కత్తి మీద పడింది.

"గుల్వెన్..." అంది.

"వెతకడానికి చుట్టుపక్కల ఓడల్ని పిలిచాం. విమానం బయల్దేరుతోంది. నిన్న మధ్యాహ్నం... కాదు, మొన్న మధ్యాహ్నం గాలి తిరగక ముందే ఎప్పుడో పడి ఉంటాడు. వాళ్లమ్మకి నేనే చెప్పాలి. ఆమె మీ దగ్గరున్నారా?"

"తలుపుకి అవతలుంది."

"రెండు నిమిషాల్లో ఆమెకి చేస్తాను."

తలుపు తీసింది స్వాజిక్. కన్నీళ్లతో తడిసిన మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు, ఆర్పేద్దామన్నా ఆమె వల్ల కాలేదు. ఆర్మెల్ ఆ మొహం చూసింది. చూసి, కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"బతికుంది! బతికుందిగా! చెప్పానా లేదా? దానికి అరగదన్నానా లేదా?" వచ్చి స్వాజిక్‌ను గట్టిగా కౌగిలించుకుంది, అటూ ఇటూ ఊపేసింది. "పిచ్చిమొహమా, ఎంత హడలగొట్టావే! ఫాంష్, లే, సైడర్ తియ్యి! ఎక్కడున్నాయో తెలుసుగా, రోజూ దొంగిలిస్తూనే ఉంటావు!" ఆమె కూడా ఏడుస్తోంది, నవ్వుతోంది. "నా కోపం పోయిందే. పో, నిన్ను క్షమించేశా. ఇక మా వాడి దగ్గరికి పంపమను పడవని."

కౌంటరు మీద ఆర్మెల్ ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

"ఊళ్లోవాళ్లే అయ్యుంటారు, మోగనీ," అంది ఆర్మెల్.

స్వాజిక్ ఆమె భుజాలు పట్టుకుంది. "ఆర్మెల్, కూర్చో."

"ఏంటే?"

"ఎనోరా బతికే ఉంది. కానీ దాని పెట్టె మీ వాడి పడవ మీదుంది. ఖాళీగా దొరికింది మీ వాడి పడవ."

ఆర్మెల్ కూర్చోలేదు. తెర వంక తిరిగింది. గుల్వెన్ పేరున్న పసుపు చుక్క అప్పుడే ఇంకొంచెం కదిలింది. దాన్ని వేలితో చూపించింది. ఆ వేలు అలాగే ఉండిపోయింది. ఫోన్ మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఫాంష్ సీసా పట్టుకుని నిలబడిపోయాడు.

"నీళ్లు," అంది చివరికి ఆర్మెల్. "అక్కడ నీళ్లు ఎలా ఉంటాయే? మన నీళ్లలాగే చల్లగా ఉంటాయా?"

మన నీళ్లలో పడినవాడు ఎంతోసేపు బాధపడడు. ఈ ఊళ్లో తల్లులు, పెళ్లాలు ఆ మాటతోనే ఒకరినొకరు ఓదార్చుకుంటారు. స్వాజిక్‌కు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ విమానం బయల్దేరుతోంది. ఓడలు వెతుకుతున్నాయి. బతికున్నాడేమో అన్న ఆశను తల్లి చేతిలోంచి లాక్కోవడానికి తనెవరు?

"వెచ్చగా ఉంటాయి," అంది. "చాలా వెచ్చగా. తేలుతూ ఉండొచ్చు. ఒక రోజంతా, ఇంకా పైనా ఉన్నవాళ్లున్నారు. తర్వాత దొరికినవాళ్లున్నారు."

"అయితే ఉన్నాడు!" ఆర్మెల్ కళ్లు వెలిగాయి. స్వాజిక్ చెయ్యి పట్టుకుని నలిపేసింది. "మా వాడు చేపలా ఈదుతాడు, నువ్వే నేర్పావుగా! రోజంతా ఉండగలిగితే, నిన్న సాయంత్రానికింకా..."

ఆగిపోయింది. ఆ వెలుగు మొహం మీద అలాగే ఉండగానే, దాని వెనక నుంచి ఇంకేదో వచ్చింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. చేపల తొట్టి ఉన్న వంటింటి వైపు చూసింది, తన చేతుల వంక చూసుకుంది.

"నిన్న నేను," అంది. "నిన్న నేనే తిప్పొద్దని..."

"నువ్వు కాదే," అంది స్వాజిక్, వదిలేసిన ఆ చేతిని మళ్లీ పట్టుకుంటూ. "నువ్వు ఆపావు, అంతే. ఆగింది నేను."

ఫోన్ ఇంకా మోగుతోంది. ఇద్దరూ కలిసి కౌంటరు దగ్గరికి నడిచారు.